సముద్రంలో గాలిమర పాతాలంటే

హాస్టల్లో నన్ను అందరూ ‘గాలి’ అంటారు. అది ఇంటిపేరు కాదు. ఫస్ట్ ఇయర్ పరిచయాలప్పుడు ఒక సీనియర్ “మీ ఊళ్లో ఏం ఫేమస్?” అని అడిగితే, ఏం చెప్పాలో తోచక “గాలి అన్నా” అన్నాను. ఆ పేరు అట్లాగే అతుక్కుపోయింది.

మాది అగళి. శ్రీ సత్యసాయి జిల్లాలో మడకశిర దాటాక, కర్ణాటక సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. ఇంట్లో సగం మాటలు తెలుగు, సగం కన్నడ. వక్క తోటలు ఉన్నాయి, చలికాలంలో వణికించే చలి ఉంది. కానీ ఆషాఢం వచ్చిందంటే మాత్రం గాలిదే రాజ్యం. ఆరేసిన బట్టలు పక్క వీధిలో వెతుక్కోవాలి, రేకుల కప్పు మీద రాళ్లు పెట్టుకోవాలి. “ఈ గాలే మన వాననెత్తుకొని పోతుంది” అనేది మా అవ్వ. అది కథ అనుకునేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, అవ్వ చెప్పింది చాలావరకు సైన్సే అని. నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం మీంచి వచ్చి, పడమటి కనుమలు ఎక్కేటప్పుడే నీళ్లు దించేస్తుంది. ఇవతలికి వచ్చేసరికి చేతులు ఖాళీ, వేగం మాత్రం ఉంటుంది. అందుకే అనంతపురం వైపు వాన తక్కువ, గాలి ఎక్కువ. రెండింటికీ కారణం ఒకటే.

ఈ గాలిని నమ్ముకునే ధర్మవరం దగ్గర రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు పెట్టారు. మా వైపు వాటిని గాలిమరలు అనరు లెండి, ‘ఫ్యాన్లు’ అంటారు. పెనుకొండ మీదుగా బస్సులో పోతుంటే కొండల మీద కనిపిస్తాయి. చిన్నప్పుడు హైవే మీద రెక్కను మోసుకుపోయే లారీ కనిపిస్తే బస్సులో అందరం ఒకే కిటికీ దగ్గర చేరేవాళ్లం.

ఇంత చెప్పి, సముద్రం గురించి రాస్తానంటున్నాడేంటి అనుకుంటున్నారా? నేను సముద్రం చూసిందే ఇంటర్ అయిపోయాక. కానీ పోయిన సెమిస్టర్‌లో గ్రాఫ్ అల్గారిథమ్స్ క్లాసులో సార్ ఒక ఉదాహరణ చెప్పారు. సముద్రంలో నూట డెబ్భై నాలుగు టర్బైన్లు ఉన్నాయి, వాటిని తక్కువ ఖర్చుతో కేబుల్స్‌తో ఎలా కలుపుతారు అని. ఆ రోజు మొదలుపెట్టి చదువుతూ పోయాను. దాని వెనక ఇంకో కారణం కూడా ఉంది. అది మా మామ కాగితం.

మామ కాగితం

మా మేనమామది కొండల పక్కన చిన్న ఊరు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అక్కడ ఫ్యాన్లు పెట్టడానికి దారి కావాలని ఒక మధ్యవర్తి వచ్చాడు. మామ వేరుశనగ చేను అంచున కొంత నేల కావాలట. ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం తెచ్చాడు. మామ నన్ను పిలిచి, “మా అల్లుడు ఇంగ్లీషు మీడియం, వాడు చదువుతాడు” అని అందరి ముందూ గొప్పగా కూర్చోబెట్టాడు.

చదివాను. గడగడా, ఎక్కడా తడబడకుండా చదివాను. ‘రైట్ ఆఫ్ వే’, ‘వన్ టైమ్ కన్సిడరేషన్’, ‘ఇన్ పర్పెచ్యుటీ’. “రేడియోలో మాదిరి ఉండాదిరా” అన్నాడు మామ. తర్వాత “అంటే ఏమి?” అని అడిగాడు. “దారికి డబ్బులిస్తారు మామా” అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఎన్నిసార్లు ఇస్తారో, దారి ఎన్నాళ్లకో నాకే అర్థం కాలేదు. మామ ఏటేటా కౌలు మాదిరి వస్తుందనుకుని సంతకం పెట్టాడు. మరుసటి ఏడు డబ్బులు రాలేదు. పోయి అడిగితే అదే కాగితం చూపించారు. ఒక్కసారే డబ్బు, దారి శాశ్వతం.

మామ నన్ను తిట్టలేదు. “నువ్వు చదివింది కరెక్టేలేరా” అన్నాడు. తిట్టినా బాగుండేది.

నాకు తెలిసిన విషయాన్ని తెలుగులో, అవతలివాళ్లకి అర్థమయ్యేలా చెప్పలేకపోతే నాకు అది తెలిసినట్టే కాదని అప్పుడు అర్థమైంది. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం. తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతుంది.

ముందు ఒక చిన్న లెక్క

నేల మీద ఇంత చోటుండగా సముద్రంలోకి ఎందుకు పోవాలి? జవాబు ఒక్క ఫార్ములాలో ఉంది. గాలిలో ఉండే శక్తి, గాలి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెండింతలైతే శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు. రెక్కలు తిరిగే వలయం వైశాల్యాన్ని బట్టి కూడా పెరుగుతుంది. అందులో మొత్తం మనం లాక్కోలేం. గాలిని పూర్తిగా ఆపేస్తే వెనక గాలికి దారుండదు కదా. జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లోనే దీనికి హద్దు లెక్కగట్టాడు, 59.3 శాతం. ఆచరణలో 45 శాతం వస్తే మంచిదే.

ఇప్పుడు పోల్చండి. మా కొండల మీద చూసే తరహా పాత మెషీన్, రెక్కల వలయం వ్యాసం 53 మీటర్లు. గాలి సెకనుకు 6 మీటర్లు ఉంటే సుమారు 130 కిలోవాట్లు. ఇంగ్లండ్ దగ్గర డాగర్ బ్యాంక్‌లో పెడుతున్న మెషీన్ వ్యాసం 220 మీటర్లు, ఒక్కో రెక్క 107 మీటర్లు. గాలి 10 మీటర్లు ఉంటే అది పది మెగావాట్లు దాటుతుంది. దాదాపు ఎనభై రెట్లు! గాలి వేగం రెట్టింపు కూడా కాలేదు, గమనించండి.

సముద్రం మీద కొండలు, చెట్లు, ఇళ్లు అడ్డుండవు. అందుకే గాలి వేగంగా, నిలకడగా వీస్తుంది. రెండో కారణం నాకు బాగా తెలిసిందే, లారీ. 107 మీటర్ల రెక్కను మా ఊరి మలుపులో తిప్పడం బ్రహ్మ తరం కూడా కాదు. ఓడకు ఆ బాధ లేదు. రేవు పక్కనే తయారుచేసి, ఓడలోకి ఎక్కిస్తే చాలు.

ఎప్పుడు మొదలైంది, ఎంత కాలం పడుతుంది

ప్రపంచంలో మొదటి సముద్ర గాలిమరల క్షేత్రం డెన్మార్క్‌లోని విండెబీ. 1991లో 11 టర్బైన్లు పెట్టారు, ఒక్కోటి 450 కిలోవాట్లు. మొత్తం కలిపినా 5 మెగావాట్లు లేదు. 2017లో విప్పేశారు. ఇప్పుడు డాగర్ బ్యాంక్‌లో ఒక్క టర్బైనే దానికి రెండింతలకు మించి, 13 మెగావాట్లు. అక్కడ మొత్తం 277 టర్బైన్లు, 3.6 గిగావాట్ల ప్లాన్.

పెద్ద ప్రాజెక్టులో ఎక్కువ కాలం నిర్మాణానికి పడుతుందని నేననుకున్నాను. కాదు, కాగితాలకి పడుతుంది. డాగర్ బ్యాంక్ ప్రాంతం కేటాయింపు 2010లో జరిగింది. ప్రభుత్వ అనుమతులు 2015లో వచ్చాయి. మొదటి కరెంటు 2023 అక్టోబర్లో. అంటే కేటాయింపు రోజు ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు, మొదటి రెక్క తిరిగేసరికి బీటెక్‌లో ఉంటాడు.

మధ్యలో ఏం చేస్తారు? గాలిని ఏళ్ల తరబడి కొలుస్తారు. ఒకప్పుడు దీనికి సముద్రంలో ఎత్తైన స్తంభం పాతేవాళ్లు. ఇప్పుడు లైడార్ వచ్చింది. లేజర్ కిరణాన్ని పైకి పంపి, గాల్లోని ధూళి కణాల మీంచి తిరిగొచ్చిన కాంతిలో మార్పును బట్టి వేగం లెక్కగడుతుంది. తర్వాత అడుగు నేల సర్వే. డాగర్ బ్యాంక్ నిజానికి ఇసుక దిబ్బ. మంచు యుగం తర్వాత చాలాకాలం అది నేలే, మనుషులు తిరిగిన చోటు. సముద్రమట్టం పెరిగి సుమారు ఎనిమిది వేల ఏళ్ల కింద మునిగిపోయింది. అందుకే అక్కడ లోతు తక్కువ. ఇంకో చిక్కు, ప్రపంచ యుద్ధాల నాటి పేలని బాంబులు ఇంకా ఉత్తర సముద్రం అడుగున ఉన్నాయి. పునాది వేసే ముందు వాటిని వెతికి తీయాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. బ్రిటన్‌లో ప్రభుత్వం వేలం పెట్టి, యూనిట్‌కి ఒక ధర ఖాయం చేస్తుంది. మార్కెట్ ధర తగ్గితే తేడా కంపెనీకి ఇస్తారు, పెరిగితే కంపెనీ తిరిగి కడుతుంది. మా వైపు వక్కకి ఇట్లాంటి పద్ధతి ఉంటే ఎంత బాగుండేదో. హార్న్‌సీ వన్ అనే ప్రాజెక్టుకి 2012 ధరల్లో మెగావాట్ అవర్‌కి 140 పౌండ్లు ఖాయం చేశారు. ఆ తర్వాత డాగర్ బ్యాంక్ వేలంలో అదే లెక్కలో సుమారు 40 పౌండ్లకి దిగింది. ఇక దిగుతూనే ఉంటుందని అందరూ అనుకున్నారు. ఇనుము ధరలు, వడ్డీలు పెరిగాయి. 2023 వేలంలో సముద్ర గాలి ప్రాజెక్టుకి ఒక్క కంపెనీ కూడా పాట పాడలేదు.

పునాది, తర్వాత ఓడకి కాళ్లు

లోతు తక్కువున్న చోట ఎక్కువగా మోనోపైల్ వాడతారు. అంటే ఒకే ఒక పెద్ద ఉక్కు గొట్టం. హార్న్‌సీ వన్‌లో ఇవి 65 మీటర్ల దాకా పొడవు, 8.1 మీటర్ల వ్యాసం. మన క్లాస్‌రూమ్ అందులో పట్టేస్తుంది. దాన్ని నిలబెట్టి, హైడ్రాలిక్ సుత్తితో సముద్రం అడుగులోకి దిగగొడతారు. ఆ శబ్దం నీళ్లలో కిలోమీటర్ల దూరం పోతుంది. శబ్దాన్నే కళ్లుగా చేసుకుని బతికే పోర్పాయిస్‌ల లాంటి జీవులకి అది ప్రమాదం. అందుకని మొదట మెల్లగా కొట్టి వాటిని దూరం పోనిస్తారు. కొన్నిచోట్ల గొట్టం చుట్టూ అడుగున చిల్లుల పైపు పరిచి గాలి వదులుతారు. పైకి లేచే బుడగల తెర శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది.

తర్వాత వచ్చేది నాకు బాగా నచ్చిన ఓడ, జాక్-అప్. దీనికి కాళ్లు ఉంటాయి. చోటుకి చేరాక కాళ్లు కిందికి దించి సముద్రం అడుగున ఊని, ఓడ మొత్తాన్ని నీళ్లలోంచి పైకి ఎత్తేసుకుంటుంది. ఇక అలలకి ఊగదు, అది ఓ ఫ్లోర్ అయిపోతుంది. దాని మీది క్రేన్‌తో టవర్, పైన జెనరేటర్ ఉండే పెట్టె, తర్వాత మూడు రెక్కలు బిగిస్తారు. రెక్క ఎత్తేటప్పుడు గాలి ఎక్కువుండకూడదు. గాలి కోసం అంత దూరం వచ్చినవాళ్లు, గాలి ఆగడం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారన్న మాట.

లోతు మరీ ఎక్కువైతే మోనోపైల్ కుదరదు. 2017లో స్కాట్లండ్ దగ్గర హైవిండ్ ప్రాజెక్టులో ఐదు టర్బైన్లని తేలే పునాదుల మీద పెట్టి, లంగర్లతో కట్టేశారు.

కేబుల్: ఇక్కడే మన సిలబస్

సీఎస్ వాళ్లూ, ఇప్పుడు మేల్కోండి. హార్న్‌సీ వన్‌లో 174 టర్బైన్లు, 407 చదరపు కిలోమీటర్లు, 1218 మెగావాట్లు. తీరం నుంచి 120 కిలోమీటర్లు. ముందు వీటిని ఎక్కడెక్కడ పెట్టాలి? ఒక టర్బైన్ వెనక గాలి నెమ్మదిస్తుంది, సుడులు తిరుగుతుంది. దగ్గరగా పెడితే వెనకున్నది ముందుదాని ఎంగిలి గాలి తినాలి. దూరంగా పెడితే కేబుల్ ఖర్చు పెరుగుతుంది. ఇది ఒక ఆప్టిమైజేషన్ సమస్య.

చోట్లు ఖాయమయ్యాక కేబుల్స్. మినిమమ్ స్పానింగ్ ట్రీ కదా, ప్రిమ్స్ వేసేస్తే పోలా అని నేనూ అనుకున్నాను. పోదు. ఒక కేబుల్ ఇంతకంటే ఎక్కువ కరెంటు మోయలేదు, కాబట్టి ఒక వరుసలో కొన్ని టర్బైన్లే ఉండాలి. ఒక కేబుల్ మీదుగా ఇంకోటి పోకూడదు. ఈ ‘కెపాసిటీ’ షరతు ఒక్కటి చేర్చగానే సమస్య ఎన్‌పీ-హార్డ్ అయిపోతుంది. అన్నీ ట్రై చేద్దామా? కేలీ సూత్రం ప్రకారం 174 బిందువుల్ని చెట్టులా కలిపే పద్ధతులు 174 పవర్ 172. అందుకే హ్యూరిస్టిక్స్, ఇంటీజర్ ప్రోగ్రామింగ్ వాడతారు. సముద్ర కేబుల్ ఒక్క కిలోమీటరు తగ్గించినా మిగిలే సొమ్ము తక్కువేం కాదు.

టర్బైన్ల కరెంటు అంతా సముద్రంలోనే ఉండే సబ్‌స్టేషన్‌కి చేరుతుంది. అక్కడ వోల్టేజ్ పెంచి తీరానికి పంపాలి. ఇక్కడ ఒక చిక్కు. సముద్రం కింద కేబుల్ అంటే పొడవాటి కెపాసిటర్. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునే ప్రతిసారీ కేబుల్‌ని నింపడానికి, ఖాళీ చేయడానికే కొంత సామర్థ్యం పోతుంది. దూరం పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. హార్న్‌సీ వన్ వాళ్లు ఏసీనే వాడి, దారి మధ్యలో సముద్రంలోనే దీన్ని సరిచేసే స్టేషన్ ఒకటి కట్టారు. డాగర్ బ్యాంక్ వాళ్లు డీసీకి మార్చి పంపుతున్నారు. ఈఈఈ మిత్రులు ఇంకా బాగా చెప్పగలరు.

2019 ఆగస్టు 9

ఇంత ఉక్కు, ఇంత ఇంజినీరింగ్. మరి ఎక్కడ దెబ్బ తింది? సాఫ్ట్‌వేర్‌లో.

ఆ సాయంత్రం దాదాపు ఐదింటికి ఇంగ్లండ్‌లో ఒక ట్రాన్స్‌మిషన్ లైన్ మీద పిడుగు పడింది. గ్రిడ్‌లో ఇది మామూలే, క్షణంలో సర్దుకోవాలి. కానీ ఆ చిన్న కుదుపుకి హార్న్‌సీ వన్ కంట్రోల్ సిస్టమ్ అస్థిరమై, 799 మెగావాట్ల నుంచి 62కి పడిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక గ్యాస్ ప్లాంటు కూడా ఆగింది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 నుంచి 48.8కి దిగింది. మిగతా గ్రిడ్‌ని కాపాడ్డానికి ఆటోమేటిక్‌గా పది లక్షల మందికి పైగా వినియోగదారులకి కరెంటు కట్ అయింది. రైళ్లు ఆగిపోయాయి. టర్బైన్లకి ఏమీ కాలేదు, రెక్క విరగలేదు. పరిష్కారం ఏంటో తెలుసా? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. మరుసటి రోజే వేశారు.

ల్యాబ్‌లో “ఎడ్జ్ కేసే కదా, వదిలెయ్” అనుకున్నప్పుడల్లా నాకిప్పుడు ఆ రైళ్లు గుర్తొస్తున్నాయి.

మరి మన సముద్రంలో?

ఇప్పటిదాకా మన దేశపు సముద్రంలో కరెంటు ఇచ్చే గాలిమరల క్షేత్రం ఒక్కటీ లేదు. 2015లో జాతీయ విధానం వచ్చింది. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ ఆధ్వర్యంలో 2017లో గుజరాత్ దగ్గర ఖంభాత్ సింధుశాఖలో లైడార్ పెట్టి గాలిని కొలిచారు. గుజరాత్, తమిళనాడు తీరాల్లో ఎనిమిదేసి ప్రాంతాలు గుర్తించారు. 2024 జూన్‌లో కేంద్ర కేబినెట్ 7453 కోట్ల పథకం ఆమోదించింది. రెండు రాష్ట్రాల్లో 500 మెగావాట్ల చొప్పున కట్టడానికి 6853 కోట్లు, రెండు రేవుల్ని సిద్ధం చేయడానికి 600 కోట్లు.

మరి మన కోస్తా? తుపాను సంగతి ముందు చూడాలి. టర్బైన్లు సాధారణంగా గాలి సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు దాటితే రెక్కలు మలిచి ఆగిపోతాయి. 2014 అక్టోబర్ 12న విశాఖని తాకిన హుద్‌హుద్ గాలి గంటకు 180 కిలోమీటర్ల పైమాటే. అంటే దానికి రెట్టింపు. మన ఘనం లెక్క గుర్తుందా, ఎనిమిదింతలు. ఆగి ఉన్నా నిలబడేలా కట్టాలి, ఆ ఖర్చు భరించాలి.

సంతకం ఎవరిది?

ఈ వ్యాసం సగం రాశాక మామకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు. ఓడకి కాళ్ల దగ్గర నవ్వాడు. చివర్లో ఒక్కటే అడిగాడు. “సరే అల్లుడా, సముద్రంలో ఫ్యాను పెట్టేదానికి ఎవురితో సంతకం తీసుకుంటారు?”

నాకు వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత వెతికాను. సముద్రం అడుగుని ప్రభుత్వం లీజుకిస్తుంది. బ్రిటన్‌లో క్రౌన్ ఎస్టేట్ అనే సంస్థ ఇస్తుంది. మన దగ్గర 2023లో లీజు నియమాలు వచ్చాయి. సంతకం చేసేది ప్రభుత్వం, కంపెనీ. అక్కడ తరతరాలుగా వల వేసే జాలరికి పట్టా ఉండదు కదా, అతని సంతకంతో పని లేదు.

ఇది కొత్త కథ కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి అని ఒక అడవి ఉంది. బోడి కొండల్ని 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, టింబక్టు కలెక్టివ్‌తో కలిసి కాపాడుకుని పచ్చగా చేసుకున్నారు. గొర్రెలకి గడ్డి, వాగుల్లో నీళ్లు. కానీ ప్రభుత్వ రికార్డులో అది బంజరు భూమి. బంజరే కదా అని ఆ నల్లకొండ మీద గాలిమరలకి ఇచ్చారు. రెక్కల లారీల కోసం కొండ వాలుల్ని తవ్వి రోడ్లు వేశారు. మట్టి జారి వాగుల్లో పడిందని, మేత పోయిందని 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా పోయారు. రికార్డులో ఖాళీ అని రాసినంత మాత్రాన చోటు ఖాళీగా ఉండదు. కొండ అయినా అంతే, సముద్రం అయినా అంతే.

నేను గాలిమరలకి వ్యతిరేకం కాదు. బొగ్గు కాల్చడం కంటే ఇది మేలని నమ్ముతాను, రేపు ఈ రంగంలోనే ఉద్యోగం వస్తే ఎగిరి గంతేస్తాను. కేబుల్ లేఅవుట్ గీసేటప్పుడు మన ప్రోగ్రామ్‌లో ఖర్చు ఒక వేరియబుల్, దూరం ఒక వేరియబుల్. వల వేసే చోటు, గొర్రెలు మేసే చోటు కూడా ఇన్‌పుట్‌లో ఉండాలని అంటున్నాను. మనం ఇవ్వని ఇన్‌పుట్‌ని ఏ అల్గారిథమూ కనిపెట్టలేదు.

మామకి ఇదే చెప్పాను, కొంచెం వేరే మాటల్లో. “అయితే ఆ జాలరోళ్లకి కాగితం తెలుగులోనో, తమిళంలోనో ఇమ్మని చెప్పురా” అన్నాడు.

పోయిన సెలవుల్లో మామ పెట్టెలోంచి ఆ నాలుగు పేజీలు మళ్లీ తీయించాను. పక్కన తెల్ల కాగితం పెట్టుకుని ఒక్కో వాక్యం తెలుగులో రాసిచ్చాను. డబ్బు రాదు, అది తెలుసు. అయినా మామ కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి మొత్తం చదువుకున్నాడు. రెండు కాగితాలూ కలిపి మడిచి మళ్లీ అదే పెట్టెలో పెట్టాడు.